కొత్త గీత మీద నక్క

సీకాయల కొండకు పడమటి వాలున, గెడ్డ నీళ్లు ఒంపు తిరిగేచోట పెద్ద ఇసుక మేట ఉంది. ఏటా తొలకరికి ముందు ఆ మేట మీద అడవంతా పోగవుతుంది. పండగకు కాదు, పంచాయితీకి కాదు. బుట్టబిళ్ల ఆటకు.

చూడ్డానికి సులువైన ఆటే. బూరుగు చెక్కను వడ్రంగిపిట్టలు పల్చగా, గుండ్రంగా చెక్కి ఇస్తాయి. అది బిళ్ల. గిజిగాళ్లు గడ్డితో బుట్టలల్లి చెట్లకు వేలాడదీస్తాయి. ఒక బుట్ట నుంచి మరో బుట్టకు, కొండ చుట్టూ బిళ్ల విసురుకుంటూ పోవాలి. ఎవరు తక్కువ విసుర్లలో అన్ని బుట్టల్లోనూ బిళ్ల వేస్తే వాళ్లు గెలిచినట్టు. చేతులున్నవాళ్లు చేత్తో, తొండమున్నవాళ్లు తొండంతో, ఏదీ లేనివాళ్లు నోటితో విసురుతారు. రెక్కలున్నవాళ్లకు మాత్రం ఆటలో చోటు లేదు. వాళ్లు కొమ్మల మీద కూర్చుని లెక్క చూస్తారు, గోల చేస్తారు.

గెలిచినవాళ్లకు దండలు వెయ్యరు. ఆ యేడు కొండ మీద ఖాళీ అయిన పొడి నెలవులు ఇస్తారు. ఎడతెరిపి లేకుండా వానలు కురిసే ఆ కొండ మీద పొడిగా పడుకునే చోటంటే ప్రాణంతో సమానం. ఆటలో మూడు వర్గాలు. పెద్ద వర్గంలో గెలిచినవాళ్లకు పెద్ద గుహ, నడిమి వర్గంలో గెలిచినవాళ్లకు బండల సందు, మొదటిసారి ఆడేవాళ్ల కోసం పెట్టిన కొత్త వర్గంలో గెలిచినవాళ్లకు మద్దిచెట్టు మొదట్లో ఉన్న తొర్ర.

ఆ తొర్ర మీదే ఉడుము పిల్ల పైడికి ఆశ.

పైడి వాళ్లది గెడ్డ ఒడ్డున మట్టి బొరియ. పోయినేడు గెడ్డ పొంగి నీళ్లు లోపలికొచ్చి, తల్లి పెట్టిన గుడ్లన్నీ కొట్టుకుపోయాయి. పుట్టాల్సిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ పైడి కళ్లముందే నీళ్లలో దొర్లుకుంటూ పోయారు. ఈ యేడు తల్లికి మళ్లీ గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. అదే బొరియ. అదే గెడ్డ.

అప్పటినుంచి పైడి ఒంట్లో కోపం కాపురముంది. గెడ్డ మీద కాదు. గెడ్డకు ఏం తెలుసు? ఎగువన పొడి గుహల్లో వెల్లకిలా పడుకుని, "ఈ యేడు వానలు బాగున్నాయి" అనుకునేవాళ్ల మీద. ఆ కోపానికి మాటలు చిలకల దగ్గర దొరికాయి. ఆ చిలకలు పట్నంలో సభలు జరిగే మైదానం పక్క చెట్ల మీద పెరిగినవి. "వర్గాలు నశించాలి! సమానత్వం వర్ధిల్లాలి!" అని పొద్దస్తమానం అరుస్తుంటాయి. చిలకలు మాట చెబుతాయి గాని అర్థం చెప్పవు. అర్థం పైడి తనే వెతుక్కునేది. దొరికినంతవరకు పట్టుకుని వేలాడేది. ఉడుం పట్టు కదా.

ఆట రేపనగా పైడి గెడ్డ పక్కన ఒంటరిగా సాధన చేస్తోంది. తోక చివర బిళ్లను చుట్టి, కాలిగోళ్లు నేలలో దించి, ఒళ్లంతా విల్లులా వంచి వదులుతుంది. బిళ్ల దూరం పోదు. కాని తాడు పట్టి లాగినట్టు తిన్నగా పోతుంది.

"అబ్బో! అబ్బబ్బో! కళ్లు చెదిరిపోయాయి కోడలా!"

పైడి వెనక్కి తిరిగింది. తంగేడు పొద పక్కన నక్క గవర్రాజు కూర్చుని ఉన్నాడు. ఈ మధ్యనే అవతలి లోయ నుంచి వచ్చాడు. వచ్చిన నాటినుంచి ఎవరు కనిపిస్తే వాళ్లతో వరస కలిపేస్తున్నాడు.

"నువ్వా మావా! భయపెట్టేశావ్."

"భయం నీకా? నిన్ను చూసి లోకం భయపడాలి గాని! ఈ కొండ మీద నిప్పులాంటి పిల్ల ఒకతి ఉందని చిలకలు చెబితే ఏమో అనుకున్నాను. అవునూ, రేపు ఏ వర్గంలో నిలబడతావేం?"

"కొత్త వర్గంలో మావా. మొదటిసారి కదా."

గవర్రాజు రెండు చెవులూ వాల్చేశాడు. ఎవరో పోయారన్న కబురు విన్నట్టు మొహం పెట్టాడు.

"కొత్త వర్గంలోనా. నువ్వా."

"ఏం మావా?"

"ఏం లేదులే. నీ ఇష్టం. ఏదో అనుకున్నాను నీ గురించి. పోనీలే."

"ఏమనుకున్నావో చెప్పు!"

"వర్గమంటే ఏంటి కోడలా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

"వర్గమంటే... మనల్ని విడగొట్టి ఉంచేది."

"విడగొట్టిందెవరు?"

"పైనున్నవాళ్లు!"

"మరి రేపు పైనున్నవాళ్లు గీసిన గీత మీద, వాళ్లు చూపించిన మూలన, తలొంచుకుని నిలబడి, వాళ్లు విసిరిన తొర్ర ముక్క కోసం తోక ఊపుతావా?"

పైడికి చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నాళ్లూ వర్గాలు నశించాలని గొంతు చించుకుని, రేపు తనే పోయి ఒక వర్గంలో చేరబోతోంది! ఈ మాట తనకు ముందే ఎందుకు తట్టలేదు?

"కాని మావా, పెద్ద వర్గంలో కొండముచ్చు దాలయ్య ఉన్నాడు. ఈ గట్టు మీద నిలబడి విసిరితే ఆ గట్టున పడుతుంది. నేనేం గెలుస్తాను?"

"గెలుపు, ఓటమి! వ్యాపారి లెక్కలివి. తిరగబడేవాళ్లకు ఉండాల్సింది చరిత్ర మీద చూపు."

"చరిత్రలో తొర్ర ఉంటుందా మావా? మా అమ్మకు రోజులు దగ్గరపడ్డాయి."

గవర్రాజు ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. "పిచ్చిపిల్లా! రేపు నువ్వు పెద్ద గీత ఎక్కావంటే ఈ గీతలే ఉండవు. గీతల్లేకపోతే తొర్రలన్నీ అందరివీ. తవ్వేవాడిదే తొర్ర!"

"తవ్వేవాడిదే తొర్ర!" పైడి తోకతో నేల మీద చరిచింది. దుమ్ము లేచింది. "మరి నువ్వు ఏ వర్గం మావా?"

"నేనా? ఈ ముసలి కాళ్లతో ఆటలేంటమ్మా. చూడ్డానికొస్తాను. నీ పేరు చెప్పి నాలుగు కేకలేస్తాను."

కుంటుకుంటూ వెళ్లిపోయాడు. వచ్చేటప్పుడు కుంటలేదని పైడికి అప్పుడు తోచలేదు.

*

మర్నాడు పొద్దెక్కేసరికి ఇసుక మేట నిండిపోయింది. మేట మీద మూడు గీతలున్నాయి. బుట్టలకు దగ్గరగా కొత్త గీత, వెనకాల నడిమి గీత, ఇంకా వెనకాల, రాతి చరియ అంచున పెద్ద గీత. ఏ వర్గంవాళ్లు ఆ వర్గం గీత మీంచే మొదటి విసురు విసరాలి.

ఆట పెద్ద ఎద్దు సింహాద్రి. ఎప్పుడో ఊళ్లో నాగలి వదిలేసి అడవి చేరాడు. పేరులో సింహం ఉంది గాని స్వభావం మహా నెమ్మది. ఎవరేమడిగినా నెమరు పూర్తయ్యాకే జవాబు. ఎవరు ఏ గీత మీద నిలబడాలో మాత్రం ఆయన చెప్పడు. అది ఆ కొండ ఆచారం. ఆడేవాళ్లే తమ సత్తా తాము కొలుచుకుని, గీత మీద కాలు పెట్టి, "ఇది నా చోటు" అని నలుగురూ వినేలా అనాలి. అన్నాక మార్చుకోవడం లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా గడువు.

పైడి తిన్నగా పెద్ద గీత వైపు నడిచింది. అక్కడ దాలయ్య బిళ్లను వేలి మీద తిప్పుతూ ఆవలిస్తున్నాడు. దారిలో సింహాద్రి పడుకుని ఉన్నాడు. ఆయన్ను దాటి వెళ్తూ, దులిపెయ్యకుండా పోతే ఆ కోపం ఆరిపోతుందేమోనని ఆగింది.

"తాతా! ఈ గీతలు గీసిందెవరు?"

సింహాద్రి నమిలాడు. మింగాడు. "నేనేనమ్మా. పొద్దున్నే. కొమ్ముతో."

చుట్టుపక్కల ఉడతలు కిచకిచా నవ్వాయి. పైడి మొహం కందిపోయింది.

"అది కాదు తాతా! అసలు మొదట్లో, చరిత్రలో, గీసిందెవరని!"

"అదా. మొదట్లో ఒకటే గీత ఉండేది."

"చూశావా! ఒకటే గీత! అదీ సమానత్వమంటే!"

"ఊఁ. అందరూ సమానమే. కుందేళ్లు, ఉడుములు, ఏదుపందులు, దాలయ్య వాళ్ల తాత. అందరూ ఆ చరియ మీంచే విసిరేవారు."

"మరి ఎవరు గెలిచేవారు?"

ఈసారి నెమరు చాలాసేపు సాగింది. "దాలయ్య వాళ్ల తాత."

"ప్రతి యేడూనా?"

"అబ్బే, లేదు. తర్వాత్తర్వాత వాళ్ల నాన్న కూడా గెలిచాడు."

ఉడతలు మళ్లీ నవ్వాయి. పైడి నవ్వలేదు. "మరి చిన్నవాళ్లు?"

"పెద్దోళ్ల బిళ్లలు ముళ్లపొదల్లో పడతాయి కదా. అవి ఏరిచ్చేవారు."

"ఇళ్లో?"

"అన్నీ పెద్దోళ్లవే. వానల్లో చిన్నోళ్లకు అద్దెకిచ్చేవారు."

పైడి గొంతులో సిద్ధంగా ఉన్న నినాదం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఈసారి నెమ్మదిగా అడిగింది. "మరి కొత్త గీత ఎలా వచ్చింది తాతా?"

"ఒక యేడు చిన్నోళ్లు బిళ్లలేరడం మానేశారు. పొదల్లోంచి బయటికొచ్చి ఈ మేట మీద కూర్చున్నారు. తిట్టారు, కొట్టారు, కదల్లేదు. పెద్దోళ్ల బిళ్లలన్నీ ముళ్లలోనే ఉండిపోయాయి. వాన మొదలైంది. తడుస్తూ కూర్చున్నారు. పిల్లలు కొందరు జబ్బుచేసి పోయారు. అయినా లేవలేదు. చివరికి ఒక ముసలి ఏదుపంది లేచి, ఒంట్లోంచి ముల్లొకటి పీకి, బుట్టలకు దగ్గరగా ఇసుకలో గీత గీసింది. 'కొత్తగా ఆడేవాళ్లు ఇక్కణ్నుంచి విసురుతారు. ఒక తొర్రైనా వాళ్లకు దక్కాలి' అంది. పెద్దోళ్లు ఒప్పుకున్నారు. వాళ్ల బిళ్లలు వాళ్లే ఏరుకోవడం కూడా ఆ యేడే మొదలైంది."

అంతే చెప్పి సింహాద్రి మళ్లీ నమలడంలో పడ్డాడు.

పైడి అక్కడే ఇసుకలో చతికిలబడింది. ఎదురుగా మూడు గీతలు. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. పైవాడు కిందివాణ్ని ఆపడానికి గీసిన గీత ఏదో, కిందివాడు పైవాణ్ని ఆపడానికి గీసిన గీత ఏదో, చూస్తే తెలియదు. అడిగితేనే తెలుస్తుంది. గీతల్ని చెరిపెయ్యాలని ఇన్నాళ్లూ అరిచింది. ఆ ముసలి ఏదుపంది గీతను చెరిపేస్తే మిగిలేదేంటి? దాలయ్య వాళ్ల తాత, ఆయన గుహలు, ఆయన అద్దెలు. అందరికీ ఒకే గీత అన్నది వినడానికి ఎంత న్యాయంగా ఉంది! వానలో తడిసి చచ్చిన పిల్లల్ని అడిగితే కదా అసలు సంగతి తెలిసేది.

సరిగ్గా అప్పుడే మేట మీదికి గవర్రాజు వచ్చాడు. ఎడమకాలు ఈడ్చుకుంటున్నాడు. నోట్లో బిళ్ల ఉంది, అదీ తలకిందులుగా.

"ఇదిగో ఇటు పట్టుకోవాలా? అటా?" అని పళ్ల మధ్య బిళ్లతోనే దారినపోయే తొండనడిగాడు. "ఏమో నాయనా, ఈ వయసులో సరదా పుట్టింది. మొదటిసారి. ఏదో నలుగురితో పాటు." నవ్వుకుంటూ కొత్త గీత దగ్గరికి చేరాడు. ఇంకా కాలు పెట్టలేదు. పైడి ఎక్కడుందోనని ఓరకంట వెతుకుతున్నాడు.

చూడ్డానికొస్తానన్నవాడి నోట్లో బిళ్లేంటి? పైడి లేవబోయింది. పక్కన ఎవరో గజగజ వణుకుతున్నారు. కుందేలు నూకాలు. ఆమె కూడా కొత్త గీత మీద నిలబడ్డానికే వచ్చింది.

"ఏమైంది అక్కా?"

"ఈయన ఇక్కడికీ వచ్చాడా తల్లీ!" నూకాలు గొంతు తగ్గించింది. "అవతలి లోయలో మేమంతా ఈయన కిందే ఉండేవాళ్లం. ఏ లోయకు పోతే ఆ లోయలో కొత్తవాడైపోతాడు. గాలికెదురు విసిరినా బుట్టలో వేస్తాడు, అంత మొనగాడు. కొత్త వర్గంలో నిలబడి తొర్ర గెలుచుకుంటాడు. దాన్లో మాలాంటోళ్లను పెట్టి, మేం తవ్వి తెచ్చుకున్న దుంపల్లో సగం పట్టుకుపోతాడు."

"ఈ మాట అందరిముందూ చెప్పు!"

"మా అక్క ఇంకా ఆయన తొర్రలోనే ఉందమ్మా. నేను నోరు తెరిస్తే రేపు దాన్ని పిల్లలతో సహా వానలోకి గెంటేస్తాడు."

పైడికి అప్పుడంతా అర్థమైంది. తిన్నగా విసిరే ఉడుము పిల్ల కొత్త గీత మీద ఉంటే ఆ తొర్ర తనకు దక్కదేమోనని ఆయన భయం. ఆ ఒక్క అడ్డూ తొలగించుకోవడానికి చిలకల మాటలు అరువు తెచ్చుకున్నాడు. ఏ మాటలైతే పైడి గుండెలో పెట్టుకుని దాచుకుందో, ఆ మాటలే! తోక చివరినుంచి తలదాకా కోపం పాకింది.

"తాతా! కొత్తవాడు కానివాడు కొత్త గీత మీద నిలబడితే ఆపవా?"

"ఆపను."

"ఎందుకాపవు?"

"వాడి చోటు వాడు చెప్పుకోవాలి. వాణ్ని నేనీ రోజు ఆపితే, రేపు ఇంకొకడు ఇక్కడ కూర్చుని నిన్నాపుతాడు."

పైడి పళ్లు నూరింది. అరిచి రచ్చ చేస్తే? గవర్రాజు ఒక్క కన్నీటి బొట్టు రాలిస్తే చాలు, ముసలాణ్ని ఏడిపించిందంటారు. నూకాలు వాళ్ల అక్క వీధిన పడుతుంది. కోపం మంచిదే, కాని దాన్ని ఎప్పుడు నోట్లోంచి వదలాలో తెలియాలి. పొద్దు నడినెత్తికి వస్తోంది. పైడి ఆలోచించింది. తర్వాత పక్కనున్న మొద్దు ఎక్కింది.

"అమ్మల్లారా! అయ్యల్లారా! ఒక్క మాట!"

మేటంతా తిరిగి చూసింది.

"నిన్న ఒక పెద్దాయన నా కళ్లు తెరిపించాడు. ఈ గీతలు పైవాళ్లు గీసినవట. కొత్త గీత మీద నిలబడడమంటే తలొంచుకుని తోక ఊపడమేనట. దమ్మున్నవాళ్లు పోయి పెద్ద గీత ఎక్కాలట. అవునా గవర్రాజు మావా? అన్నావా, లేదా? అనలేదంటే చెప్పు, నేనే తప్పుగా విన్నానని ఒప్పుకుని ఇప్పుడే కొత్త గీత మీద కాలు పెట్టేస్తాను."

గవర్రాజు బిళ్ల నోట్లోంచి జారి ఇసుకలో పడింది. అనలేదంటే పిల్ల కొత్త గీత ఎక్కేస్తుంది, తొర్ర పోతుంది. అన్నానంటే పిల్ల పెద్ద గీత ఎక్కుతుంది, పీడా పోతుంది. లెక్క తేల్చుకోవడానికి ఆయనకు రెప్పపాటు పట్టింది.

"అన్నాను కోడలా! నిజం ఎన్నటికైనా నిజమే!"

"విన్నారా!" పైడి గొంతు కంచులా మోగింది. "ఇన్నేళ్లలో ఈ మాట అనే ధైర్యం ఒక్కరికైనా వచ్చిందా? చూడండి ఆయన్ని! కాలు ఈడ్చుకుంటూ, పొరుగు లోయ నుంచి, ఈ వయసులో! ఎందుకొచ్చాడు? మనలాగా కొత్త గీత మీద నిలబడ్డానికా? ఆ మాట అన్నవాడి నాలుక పుచ్చిపోను! దాలయ్యకు ఎదురుగా, పెద్ద గీత మీద నిలబడ్డానికి! నాయకుడనేవాడు ముందుండడూ? గవర్రాజు నాయకత్వం..."

"వర్ధిల్లాలి! వర్ధిల్లాలి!" చిలకలందుకున్నాయి. చిలకలందుకుంటే ఇక ఆపేదెవరు? "గవర్రాజు నాయకత్వం వర్ధిల్లాలి!"

"ఆగండర్రా, అంటే నా ఉద్దేశం, అది యువతరానికి..."

"వినయం చూడండమ్మా ఎంతుందో!" అంది పైడి.

ఉడతలు గెంతులేశాయి. ఏదుపందులు ముళ్లు గలగలలాడించాయి. జింకలు పక్కకు తప్పుకుని దారి వదిలాయి. చరియ మీంచి దాలయ్య పెద్దగా నవ్వాడు. "రా మావా! నాకు ఎదురు నిలబడే మొగాడు వచ్చి ఎన్నాళ్లయిందో! ఒళ్లు తుప్పు పట్టిపోతోంది."

గవర్రాజు జీవితమంతా వెనకనుంచి పని కానిచ్చుకున్నాడు. ఎవరూ ఆయన పేరు గట్టిగా పిలిచిన పాపాన పోలేదు. ఇవాళ కొండకు కొండే ఆయన పేరు అరుస్తోంది. ఆ అరుపు ఎక్కడో ఎముకల్లోకి దిగింది. తోక దానంతటదే నిలబడింది. కాలు కుంటడం మరిచిపోయింది. దారికిరువైపులా తలూపుకుంటూ నడిచి, చరియ ఎక్కి, పెద్ద గీత మీద కాలు పెట్టాడు.

ఆ ఒక్క మాట కోసం అందరూ చెవులు రిక్కించారు.

"ఇది నా చోటు!" అన్నాడు గవర్రాజు, ఛాతీ విరుచుకుని.

సింహాద్రి నమలడం ఆపి తలూపాడు.

పైడి మొద్దు దిగింది. తాపీగా నడిచి కొత్త గీత మీద కాలు పెట్టింది. "ఇది నా చోటు."

"అదేంటి కోడలా!" చరియ మీంచి గవర్రాజు కీచుమన్నాడు. "నువ్వు కూడా... మనిద్దరం..."

"నాకిది మొదటి ఆట మావా. మొదటిసారి ఆడేవాళ్ల కోసం చిన్నోళ్లు ప్రాణాలిచ్చి గెలుచుకున్న గీత ఇది. దీని మీద నిలబడ్డానికి నాకు సిగ్గెందుకు?"

నూకాలు గబగబా వచ్చి పైడి పక్కన నిలబడింది. వణుకు తగ్గింది.

*

ఆట మొదలైంది. పైడి మొదటి విసురు గెడ్డలో పడింది. భయానికి తోక బిగుసుకుపోయింది మరి. సిగ్గుతో చచ్చిపోవాల్సిందే, కాని నూకాలు మొదటి విసురు వెనక్కిపోయి సింహాద్రి వీపు మీద పడింది. ఏదుపంది పిల్లాడొకడు బిళ్లను ముళ్లకు గుచ్చుకుని, విసరడం ఎలాగో తెలియక ఏడుపు మొహం పెట్టాడు. అందరూ పడీ పడీ నవ్వారు. అందరిదీ అదే భయం, అందరివీ అవే తప్పులు. నవ్వు అయ్యేసరికి పైడి తోక వదులైంది. ఆ తర్వాత బిళ్ల మాట వినసాగింది. ఆఖరి బుట్ట జువ్వి కొమ్మల పంగ మధ్య ఉంది. వంకర విసురుకు దొరకదు. పైడి గోళ్లు దించి, ఒళ్లు వంచి, వదిలింది. బిళ్ల తిన్నగా పోయి బుట్టలో పడింది. నూకాలు కంటే ఒక్క విసురు తక్కువతో గెలిచింది.

"పోనీలే తల్లీ, మీ అమ్మకైనా దక్కింది," అంది నూకాలు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"మా అమ్మకొక్కదానికేనా?" అంది పైడి. "లోపల చోటుంది. నువ్వూ రా. మీ అక్కను కూడా పిల్లలతో తెచ్చుకో. దుంపలు ఎవరు తవ్వుకుంటే వాళ్లవే."

పెద్ద వర్గంలో గవర్రాజు బాగానే విసిరాడు. నిజానికి మొనగాడే. కాని దాలయ్య ముందు ఆ మొనగాడితనం ఏ మూలకు? దాలయ్య బిళ్ల గట్లు దాటి పోతుంటే, దాన్ని అందుకోవాలని గవర్రాజు ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. ప్రతి బిళ్లా సీకాయ ముళ్లలోకే పోయింది. ఎవరి బిళ్ల వాళ్లే ఏరుకోవాలి కదా. ఏరుకున్నాడు. ముక్కు గీరుకుపోయి, తోక వెంట్రుకలు సగం పొదల్లోనే వదిలేసి, అందరికంటే ఆఖర్న బయటికొచ్చాడు. అప్పటికి చిలకలు ఆయన పేరు మరిచిపోయి దాలయ్య పేరు అరుస్తున్నాయి.

ఆ సాయంత్రమే మబ్బు కమ్మింది. తొలకరి మామూలుగా రాలేదు, కుండలు బద్దలైనట్టు వచ్చింది. చూస్తూండగానే గెడ్డ నిండింది. అవతలి లోయకు దారి మూసుకుపోయింది. గవర్రాజు తొర్రలూ గుహలూ అన్నీ గెడ్డకు అవతలే ఉండిపోయాయి.

మద్దిచెట్టు తొర్రలో పైడి తల్లి పొడి మట్టి తవ్వి గుడ్లు పెట్టుకుంటోంది. నూకాలు గుమ్మం దగ్గర గడ్డి పరుస్తోంది. బయట ఎవరో దగ్గారు.

"కోడలా! ఈ ఒక్క పూట. వాన వెలిసేదాకా."

పైడి అడ్డు చెప్పలేదు. పక్కకు జరిగింది. గవర్రాజు ముక్కు దూర్చాడు. తల దూర్చాడు. చెవుల దగ్గర ఇరుక్కుంది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, వెనక కాళ్లతో బురదలో తన్నుకున్నాడు. భుజాలు లోపలికి రానంటే రానన్నాయి. తొర్ర ఆయన మెడ దాకానే పట్టింది. మిగతా ఒళ్లంతా వానలో.

పైడి ఆయన మొహాన్ని దగ్గర్నుంచి చూసింది. తడిసిన మీసాలు, గీరుకుపోయిన ముక్కు. పొద్దుటినుంచి ఒంట్లో మండుతున్న కోపం అక్కడ కాస్త తగ్గి, ఆశ్చర్యంగా మారింది.

"నీకు పట్టని తొర్ర కోసమా మావా, ఇంత చేశావు?"

గవర్రాజు తొర్ర లోపలి పొడి మట్టిని ఓరకంట చూశాడు.

"బండ కింద సింహాద్రి తాత పడుకున్నాడు. ఆయన పక్కన చోటుంది, పో. అద్దె అడగడులే."

గవర్రాజు మెల్లగా తల వెనక్కి లాక్కున్నాడు. లాక్కునేటప్పుడు చెవులు మరోసారి రాసుకుపోయాయి. వానలో, ఈసారి నిజంగానే కుంటుకుంటూ, బండ వైపు నడిచాడు.

నీతి: నినాదం ఎంత గొప్పగా ఉందో చూడకముందే, దాన్ని పలికేవాడు ఏ గీత మీద కాలు పెట్టబోతున్నాడో చూడాలి.